బ్లాక్డ్ అకౌంట్ నిండా డబ్బు, చేతిలో 350 యూరోలు: ఏం చేయాలి?

ప్రశ్న: మాస్టర్స్ చదవడానికి సెప్టెంబరు చివర్లో జర్మనీలోని మాగ్డెబర్గ్ వచ్చాను. వయసు 24. బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే వీసా కోసం ఏడాది ఖర్చులు ముందే జమచేసి నెలకు కొంత చొప్పున మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో, 11,904 యూరోలు ఉన్నాయి కానీ నెలనెలా రావాల్సిన డబ్బు ఇంకా మొదలవలేదు. వెంట తెచ్చుకున్న 1,400 యూరోల్లో మూడు వారాలకే 350 మిగిలాయి. మరో ఇద్దరితో కలిసి ఫ్లాట్‌లో ఉంటున్నాను. హీటింగ్, నీళ్లతో కలిపి నా వాటా అద్దె 380. ఓనరు డిపాజిట్ 900 యూరోలు ఒకేసారి అడుగుతున్నారు. సీనియర్ ఒకరు డెలివరీ పనిలో చేరిపొమ్మంటున్నారు. నాన్న ఇంకో 2,000 యూరోలు పంపుతానంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. అసలు నెలకు 992 యూరోలతో గడుస్తుందా?

జవాబు: గడుస్తుంది. కాకపోతే ఈ మూడు వారాల ఖర్చు చూసి నెల ఖర్చు లెక్కేయకండి. దిగిన కొత్తలో తాత్కాలిక బస, పరుపు, దుప్పట్లు, గిన్నెలు, చలికోటు అన్నీ ఒకేసారి మీద పడతాయి. అవి మళ్లీ మళ్లీ వచ్చేవి కావు.

ముందు మీ డబ్బు మీ చేతికి రావాలి. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు, అంటే అన్‌మెల్డుంగ్, చేయించుకోవాలి. దానికి ఓనరు సంతకం పెట్టిన ధ్రువపత్రం కావాలి. అపాయింట్‌మెంట్ దూరంగా దొరికితే, గడువులోపే బుక్ చేసుకున్నట్టు చూపే మెయిల్ దాచుకోండి. ఆ తర్వాత బ్యాంకు ఖాతా తెరవాలి. ఆ ఖాతా నంబరు బ్లాక్డ్ అకౌంట్ సంస్థకు ఇస్తే నెలకు 992 చొప్పున రావడం మొదలవుతుంది. ఈ వరుసలో చాలామంది ఎక్కడ ఇరుక్కుంటారో తెలుసా? పోస్టు డబ్బా దగ్గర. డబ్బా మీద మీ ఇంటిపేరు లేకపోతే పోస్ట్‌మన్ ఉత్తరం వేయకుండా వెనక్కి తీసుకెళ్లిపోతాడు. బ్యాంకు కార్డు, పిన్, ట్యాక్స్ నంబరు అన్నీ పోస్టులోనే వస్తాయి. ఫ్లాట్‌మేట్ల పేర్ల కింద ఈరోజే మీ పేరు కూడా అంటించండి.

ఇక డిపాజిట్. జర్మన్ సివిల్ కోడ్ 551వ సెక్షన్ ప్రకారం హీటింగ్, నీళ్ల ఖర్చులు కలపని అద్దెకు మూడు రెట్లు మించి డిపాజిట్ అడగకూడదు. మీ ఒప్పందంలో ఆ అసలు అద్దె 300 అయితే, 900 అడగడంలో తప్పు లేదు. కానీ దాన్ని మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు కిరాయిదారుకు ఉంది. ఒకేసారి కట్టాలని ఒప్పందంలో రాసుకున్నా ఆ షరతు చెల్లదు. ఈ సెక్షన్ ప్రస్తావిస్తూ, ‘ఇప్పుడు 300, వచ్చే రెండు నెలలూ అద్దెతో పాటు 300 చొప్పున’ అని ఓనరుకు మర్యాదగా మెయిల్ రాయండి. నగదు ఇవ్వొద్దు, బ్యాంకు ద్వారానే పంపండి. గోడల మీద గీతలు, కిటికీ అంచులు, సింక్ కింది చెమ్మ ఇప్పుడే ఫొటోలు తీసి అదే మెయిల్‌కి జతచేయండి. ఖాళీ చేసేటప్పుడు ఈ 900లో ఎంత తిరిగొస్తుందన్నది చాలావరకు ఆ ఫొటోల మీదే ఆధారపడుతుంది.

నాన్నగారు పంపుతానంటున్న 2,000 మాత్రం ఇప్పుడు వద్దు. వచ్చే నెలకు మీకు కావాల్సింది డిపాజిట్ మొదటి వాయిదా 300, అద్దె 380, ఆరోగ్య బీమా సుమారు 145, తిండికి ఓ 200. మొత్తం 1,025. చేతిలో 350 ఉన్నాయి కాబట్టి 675 తక్కువ. 700 తెప్పించుకోండి, అది చాలు. బీమాతో కాస్త జాగ్రత్త. మొదటిసారి రెండు నెలల ప్రీమియం కలిపి తీసుకునే అవకాశం ఉంది. ఖాతాలో డబ్బు లేక అది ఆగిపోయి, బకాయి అలాగే పెరిగితే, తర్వాతి సెమిస్టర్ నమోదుకే అడ్డం పడుతుంది. చవకగా ఉందని ప్రైవేటు బీమాకు మారే ఆలోచన కూడా పెట్టుకోకండి. విద్యార్థిగా ప్రభుత్వ బీమా నుంచి మినహాయింపు ఒకసారి తీసుకుంటే, చదువు పూర్తయ్యేదాకా మళ్లీ అందులోకి రాలేరు.

992 రావడం మొదలయ్యాక అద్దె, బీమా పోగా 467 మిగులుతాయి. డిపాజిట్ వాయిదాలు ఉన్న రెండు నెలలూ కాస్త బిగుతే, అది దాటితే ఊపిరి ఆడుతుంది. ఇంట్లో వండుకునేవాళ్లకు తిండి, ఫోను, చిల్లర ఖర్చులు 300 దాటనక్కర్లేదు. ఫోనుకు ప్రీపెయిడ్ సిమ్ తీసుకోండి. చవక అని ఊరిస్తూ 24 నెలలు కట్టిపడేసే ఫోన్, జిమ్ ఒప్పందాలు మొదటి ఏడాది అసలు వద్దు. మిగిలిన దాంట్లోంచి నెలకు 120 తీసి పక్కన పెట్టండి. తర్వాతి సెమిస్టర్ ఫీజు అందులోంచే కట్టాలి.

డెలివరీ పని గురించి నిర్మొహమాటంగా చెబుతాను. మిమ్మల్ని ఉద్యోగిగా తీసుకుని కాంట్రాక్టు ఇస్తే ఫర్వాలేదు. ‘డెలివరీ యాప్‌లో నా అకౌంట్ వాడుకో’, ‘ఫ్రీలాన్స్‌గా చూపించుకో’ అని ఎవరైనా అంటే అటు వెళ్లొద్దు. స్టూడెంట్ వీసా మీద ప్రత్యేక అనుమతి లేకుండా స్వయం ఉపాధి చేయకూడదు. ఆ నాలుగు డబ్బుల కోసం రెసిడెన్స్ పర్మిట్ పోగొట్టుకోవడం తెలివైన పని కాదు. మీకు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేసే వీలుంది. యూనివర్సిటీలో హివి అని పిలిచే స్టూడెంట్ అసిస్టెంట్ పని ఈ లెక్కలోకి రాదు కాబట్టి ముందు ఆ ప్రకటనలే వెతకండి. మినీజాబ్, అంటే నెల సంపాదనకు పరిమితి ఉన్న చిన్న పార్ట్‌టైమ్ ఉద్యోగం, అయితే 2026 జనవరి నుంచి నెలకు 603 యూరోలు పరిమితి, గంటకు కనీస వేతనం 13.90. అంటే నెలకు 43 గంటలు, వారానికి పది గంటల పని. నన్నడిగితే మొదటి సెమిస్టర్ పరీక్షలయ్యాకే మొదలుపెట్టండి. పరీక్షలో తప్పి ఒక సెమిస్టర్ అదనంగా ఉండాల్సి వస్తే అయ్యే ఖర్చు ముందు మినీజాబ్ సంపాదన ఏపాటిది?

2,000 ఇప్పుడు వద్దనడానికి అసలు కారణం వేరే ఉంది. వీసా గడువు ముగిసేలోపు రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. తర్వాత దాన్ని పొడిగించుకోవాలి. అప్పుడు మళ్లీ ఖర్చులకు డబ్బు చూపించమంటారు. బ్లాక్డ్ అకౌంట్ అప్పటికి ఖాళీ అయిపోయి ఉంటుంది. సరిగ్గా ఆ సమయానికే ఇళ్లలో కంగారు మొదలవుతుంది, వడ్డీకి అప్పులు తెస్తారు. రెండో ఏడాదికి పెద్ద మొత్తం ఎక్కడినుంచి వస్తుందో, ఎడ్యుకేషన్ లోన్ తర్వాతి విడతా, సొంత డబ్బా అన్నది నాన్నగారితో ఈ చలికాలంలోనే మాట్లాడండి. ఆ 2,000 అప్పటిదాకా ఆయన దగ్గరే ఉండనివ్వండి. అప్పటికి క్రమమైన జీతం స్లిప్పులు చేతిలో ఉంటే, చూపించాల్సిన మొత్తం ఆ మేరకు తగ్గే వీలుంది. మీ నగరంలోని విదేశీయుల కార్యాలయం ఏయే కాగితాలు అడుగుతుందో కనీసం మూడు నెలల ముందే కనుక్కోండి.

చివరగా ఇంకో చిన్న సంగతి. చిరునామా నమోదయ్యాక కొన్ని వారాలకు టీవీ, రేడియో ఫీజు కట్టమని ఒక ఉత్తరం వస్తుంది. ఇంట్లో టీవీ లేదు కదా అని పారేయకండి. అది ఇంటికి నెలకు 18.36 యూరోలు, మనిషికి కాదు. ఫ్లాట్‌మేట్లలో ఒకరు ఇప్పటికే కడుతుంటే వాళ్ల ఫీజు ఖాతా నంబరు రాసి జవాబు పంపండి, మీ వాటా 6.12 వాళ్లకు ఇచ్చేయండి.