బుగ్గల మంటకి ఆ క్రీమే కారణం

మూడు నెలలుగా బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ క్రీమ్ రాస్తున్నా మీకు బుగ్గల మంట, ఎర్ర పొక్కులు తగ్గలేదన్నారు. తగ్గవండీ. మీది రోసేషియా, అంటే ముఖం ఎర్రబడి పొక్కులొచ్చే చర్మ జబ్బు. ముఖానికి స్టెరాయిడ్ రాస్తే అది ముదురుతుంది. రాసినప్పుడు చల్లబడినట్టే ఉంటుంది, మానగానే ఎగదన్నుతుంది. మానిన మొదటి వారాల్లో భయపడి దయచేసి ఆ క్రీమ్ మళ్ళీ ముట్టుకోకండి. ఒకేసారి ఆపాలా, మెల్లగా తగ్గించాలా అన్నది చర్మ డాక్టర్‌నే అడగండి.

పొక్కులకి ఐవర్‌మెక్టిన్ 1% క్రీమ్ బాగా పనిచేస్తుంది, అదీ డాక్టర్ రాస్తేనే. రోజుకోసారి నుదురు, ముక్కు, గడ్డం, ఒక్కో బుగ్గకి బఠాణీ గింజంత చొప్పున పల్చగా రాయాలి. 8 నుంచి 12 వారాలు ఓపిక పట్టండి. స్క్రబ్బులు, నిమ్మరసం అసలు వద్దు.

హైదరాబాద్ ఎండలో బండి మీద వెళ్తే జింక్ ఆక్సైడ్ ఉన్న ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పనిసరి. ఇరానీ చాయ్ మానక్కర్లేదు, కాస్త ఆరనిచ్చి తాగండి. ముఖం ఎర్రబడేది ఎక్కువగా ఆ వేడికే. కళ్ళలో ఇసుక పడ్డట్టు గరగరలాడితే మాత్రం కంటి డాక్టర్‌కి వెంటనే చూపించండి.