బాకీల వరసలో ఎవరు ముందు?

ప్రశ్న: మేడం గారూ, నేను సీఏ చదువుతున్నాను. కంపెనీ దివాలా తీస్తే తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవాళ్లకు ముందు, తాకట్టు లేనివాళ్లకు తర్వాత అని మాకు పాఠం. 2009లో అమెరికాలో క్రైస్లర్ కార్ల కంపెనీ విషయంలో ఈ వరస తిరగబడిందనీ, ఒబామా ప్రభుత్వం కార్మిక యూనియన్ కోసం అలా చేయించిందనీ మా సార్ అన్నారు. లక్షల మందికి పని నిలబెట్టారు, అది తప్పెలా అవుతుందని మా నాన్నగారి వాదన. ఎవరి మాట నిజం?
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: ఇద్దరూ కరెక్టే అని చెప్పి తప్పించుకోనమ్మా. అయితే ముందు నా సంగతి చెప్పాలి. ఆ ఏడాది నేను డెట్రాయిట్ శివార్లలో ఒక విడిభాగాల కంపెనీలో, కార్ల కంపెనీల నుంచి రావలసిన బాకీల లెక్క చూసేదాన్ని. జూన్ 1న, సోమవారం, జనరల్ మోటార్స్ దివాలా పిటిషన్ వేసింది. మా పాత బాకీ ఎంతని వాళ్లు ఒప్పుకుంటున్నారో వెబ్‌సైట్‌లో చూసుకోమని ఉత్తరం వచ్చింది. ఆ పట్టీ ప్రింట్ తీసి, స్కేలు అడ్డం పెట్టుకుని, ఒక్కో ఇన్వాయిస్‌కూ టిక్కు పెట్టుకుంటూ రెండు రాత్రులు కూర్చున్నాను. మాకు పూర్తిగా డబ్బొచ్చింది. మాకూ తాకట్టేమీ లేదు. మేం చేసే బ్రాకెట్లు (కారు భాగాల్ని బిగించే ముక్కలు) పంపకపోతే వాళ్ల తయారీ లైను ఆగిపోతుంది కాబట్టి ఇచ్చారు. ప్రభుత్వం డబ్బు పెట్టకపోతే ఆ నెల నా జీతం లేదు. అందుకే మీ నాన్నగారి మాటను నేను తేలిగ్గా తీసుకోలేను.

ఇక క్రైస్లర్. 2009 ఏప్రిల్ 30న దివాలా కోర్టుకెళ్లింది. తాకట్టు ఉన్న అప్పు 690 కోట్ల డాలర్లు. వాళ్లకు దక్కింది 200 కోట్లు, అంటే డాలరుకు 29 సెంట్లు. రిటైరైన కార్మికుల వైద్యం కోసం పెట్టిన యూనియన్ ట్రస్టుకు కంపెనీ దాదాపు వెయ్యి కోట్ల డాలర్లు బాకీ. దానికి తాకట్టు లేదు. అయినా, పాత కంపెనీ ఆస్తులు కొనుక్కున్న కొత్త కంపెనీలో 55 శాతం వాటా, పైన 460 కోట్ల డాలర్ల నోటు (తర్వాత చెల్లిస్తామనే బాకీపత్రం) ఆ ట్రస్టుకు వెళ్లాయి. ఇటలీ కార్ల కంపెనీ ఫియట్‌కు మొదట 20 శాతం ఇచ్చారు. మీ సార్ చెప్పింది ఇదే.

దీనికి ప్రభుత్వం దగ్గర జవాబుంది, అది బలమైనదే. కంపెనీని ముక్కలు చేసి అమ్మితే 200 కోట్లు కూడా రావని కోర్టులో సాక్ష్యం చెప్పారు, జడ్జి ఆర్థర్ గొంజాలెజ్ నమ్మారు. ట్రస్టుకు ఇచ్చింది పాత కంపెనీ ఆస్తి కాదు, కొత్త కంపెనీ తనకు పనిచేసే మనుషులు కావాలి కాబట్టి ఇచ్చుకుంది అన్నారు. మా ఇన్వాయిస్‌లకు డబ్బొచ్చిందీ ఆ లెక్కలోనే.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. ఆస్తులు నిజంగా ఎంత చేస్తాయో తెలియాలంటే బహిరంగంగా వేలంపాట పెట్టాలి. ఇక్కడ పాటకు వచ్చేవాళ్లు కూడా యూనియన్ ఒప్పందాన్ని నెత్తికెత్తుకునేలా షరతులు రాశారు. ఇంకెవరూ రాలేదు. తాకట్టు అప్పులో ఎక్కువ భాగం నాలుగు పెద్ద బ్యాంకులది. ఆ బ్యాంకులే అప్పటికి ఖజానా సాయం మీద నిలబడి ఉన్నాయి. వాళ్లు ఒప్పుకుంటే అప్పు ఒప్పందం ప్రకారం మిగతావాళ్లూ ఒప్పుకున్నట్టే. కాదన్న ఫండ్లను అధ్యక్షుడే టీవీలో మందలించారు. ఇండియానా రాష్ట్రంలో టీచర్ల, పోలీసుల పింఛను నిధులు మాత్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. జూన్ 8న జస్టిస్ గిన్స్‌బర్గ్ అమ్మకాన్ని ఆపారు, మర్నాడు కోర్టు ఆ ఆటంకం తీసేసింది, ఆ మర్నాడే అమ్మకం పూర్తయింది. ఆ నిధులు ఆ అప్పును డాలరుకు 43 సెంట్లకు కొన్నాయని వెక్కిరించినవాళ్లున్నారు. చవగ్గా కొన్నంత మాత్రాన కాగితం మీది హక్కు చవకైపోదు.

అలాగని దీన్ని ఒబామా ఒక్కరి ఖాతాలో వేయకండి. కార్ల కంపెనీలకు సాయం చేసే బిల్లు సెనేట్‌లో ఆగిపోతే, 2008 డిసెంబరులో బ్యాంకుల కోసం పెట్టిన నిధిలోంచి 1,740 కోట్ల డాలర్లు రెండు కంపెనీలకూ ప్రకటించింది అప్పటి అధ్యక్షుడు బుష్. డబ్బిచ్చినవాడు షరతులు పెట్టడం నా లెక్కలో జోక్యం కాదు. జనరల్ మోటార్స్ అధిపతి వాగొనర్‌ను తప్పుకోమన్నారు. ఏ బ్యాంకైనా ఆ పరిస్థితిలో అడుగుతుంది.

జోక్యం అంటే నేను దేన్నంటానో చెబుతాను. మూసేయబోయే వాటిలో మసాచుసెట్స్‌లోని నార్టన్ ఊళ్లో జనరల్ మోటార్స్ విడిభాగాల గోడౌన్ ఉంది. వందమంది కూడా లేరు. అది ఎంపీ బార్నీ ఫ్రాంక్ నియోజకవర్గం. ఆర్థిక వ్యవహారాల కమిటీకి ఆయనే ఛైర్మన్. కంపెనీ అధిపతితో ఒక్కసారి మాట్లాడారు, మూసివేత వాయిదా పడింది. ఆ వందమంది కుటుంబాల మీద నాకేం కోపం లేదు. కానీ అలాంటి ఎంపీ లేని ఊరి గోడౌన్ మాటేమిటి?

డెల్ఫీ కథ ఇంకా బాధాకరం. ఒకప్పుడు జనరల్ మోటార్స్‌లో భాగమై, తర్వాత విడిపోయిన కంపెనీ అది. దాని పింఛను పథకాలు కూలినప్పుడు, యూనియన్ కార్మికులకు తగ్గిన మేర జనరల్ మోటార్స్ నింపింది. పాత ఒప్పందం ఉందన్నారు, ఉంది కూడా. యూనియన్ లేని ఆఫీసు ఉద్యోగులు, ఇంజినీర్లు దాదాపు 20 వేల మందికి ఎవరూ నింపలేదు. వాళ్లు పదమూడేళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు వాళ్ల కేసు వినడానికి కూడా ఒప్పుకోలేదు.

మా వీధిలో ఒక రిటైరైన స్కూలు టీచరు ఉండేది. జనరల్ మోటార్స్ చిన్న మదుపుదార్లకని ఒక్కోటి 25 డాలర్ల బాండ్లు అమ్మేది. ఆవిడ అవి కొనుక్కుంది. మూడు నెలలకోసారి వచ్చే వడ్డీతో కరెంటు బిల్లు కట్టుకునేది. ఒక సాయంత్రం బ్రోకరు పంపిన కవరు పట్టుకొచ్చి, మా వంటింటి బల్ల మీద పరిచి, "నీకు లెక్కలు తెలుసుగా, ఇందులో నాకెంత మిగిలిందో చూసి చెప్పు" అంది. బాండ్లవాళ్ల బాకీ మొత్తం 2,700 కోట్ల డాలర్లు, వాళ్లకు కొత్త కంపెనీలో 10 శాతం, కొన్ని వారంట్లు (ముందే అనుకున్న ధరకు తర్వాత షేర్లు కొనుక్కునే హక్కులు). యూనియన్ ట్రస్టు బాకీ సుమారు 2,000 కోట్లు, దానికి 17.5 శాతం, పైగా నోటూ ప్రిఫరెన్స్ షేర్లూ కలిపి 900 కోట్ల డాలర్లు. ఇద్దరికీ తాకట్టు లేదు, చట్టంలో ఇద్దరిదీ ఒకే మెట్టు. ఆవిడకు ఇదంతా చెప్పాను. కాసేపు ఊరుకుని, "నేను రేపట్నుంచి బ్రాకెట్లు చేసివ్వలేను కదా" అంది. అదే బల్ల మీద పక్కనే మా ఇన్వాయిస్‌ల పట్టీ ఉంది, టిక్కులన్నీ పడి.

మీ పరీక్షకు పనికొచ్చేలా చెప్పాలంటే: కంపెనీని నిలబెట్టడం సరైనదే. కొత్త వ్యాపారానికి అవసరమైనవాళ్లకు ఎక్కువ ఇవ్వడాన్నీ సమర్థించవచ్చు. కానీ ఆ ఎక్కువ ఎంతో బయటి పాటలో తేలాలి, లేదా పార్లమెంటు ఖర్చు పద్దులో పేరుపెట్టి రాసివ్వాలి. దివాలా కోర్టు అమ్మకం చాటున ఇవ్వకూడదు. జనరల్ మోటార్స్‌లో ఖజానా పెట్టిన 4,950 కోట్ల డాలర్లలో వెయ్యి కోట్లకు పైగా తిరిగి రాలేదు. ఆ నష్టం మోయడానికి సిద్ధపడ్డ దేశం మా టీచరు బాండ్లనూ చూడగలిగేది.

ప్రశ్న: మా విడిభాగాల కంపెనీ మీద ఇక్కడ దివాలా కేసు పడింది. ఐదు నెలల జీతం రావాలి. మాకేమైనా దక్కుతుందా?
– ఒక కార్మికుడు, మేడ్చల్

జవాబు: దక్కే దారి ఉంది. కంపెనీని అమ్మి మూసేసే పరిస్థితే వస్తే, మన 2016 దివాలా చట్టంలో ముందు కేసు ఖర్చులు, ఆ వెంటనే కార్మికులకు 24 నెలల వరకు బాకీ. తాకట్టు వదులుకున్న బ్యాంకులతో సమానంగా మీరు నిలబడతారు. ఆఫీసు సిబ్బందికి 12 నెలలే, అదీ ఒక మెట్టు కింద. మీ పీఎఫ్, గ్రాట్యుటీ నిధులు కంపెనీ ఆస్తి కిందికి రావు, వాటిని అప్పులవాళ్లు ముట్టుకోకూడదు.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. కేసు చూసే రిజల్యూషన్ ప్రొఫెషనల్ పేరు, గడువు తేదీ పేపర్లో ప్రకటన వేసి ఉంటారు. ఫారం డీ నింపి ఇవ్వండి. అందరి తరఫునా ఒకరు వేసేటట్టయితే ఫారం ఈ. జీతం చీటీలు, జీతం పడ్డ బ్యాంకు పాస్‌బుక్ పేజీలు జిరాక్సు తీసి జత చేయండి. ఇచ్చినట్టు తేదీతో రసీదు రాయించుకోండి. ఫ్యాక్టరీలో మీతో పనిచేసే కాంట్రాక్టు పిల్లలు ఉంటారు, వాళ్లకు ఈ ప్రకటన సంగతే తెలియదు. మీరు వెళ్లేటప్పుడు వాళ్లనూ వెంటబెట్టుకెళ్లండి.