పాత గొడవలున్న పొరుగు దేశాల మధ్య సహకారం ఎక్కడ మొదలవ్వాలి?

శ్రీలంక నేవీ రామేశ్వరం జాలర్లను అరెస్టు చేసిందన్న వార్త వచ్చినప్పుడల్లా చెన్నైలోని మన తెలుగువాళ్లు అడిగే ప్రశ్నే ఇది: భారత్, శ్రీలంక కూర్చుని తేల్చుకోలేవా?

సముద్రంలో సరిహద్దు గీత 1974, 1976 ఒప్పందాల్లోనే తేలింది. తేలనిది చేపల వేట. ఆ గీత దాటి వెళ్లే తమిళనాడు ట్రాలర్ల (పెద్ద మరపడవల) వలలు సముద్రం అడుగును ఊడ్చేస్తాయి. దాంతో నష్టపోయేది ఎక్కువగా అంతర్యుద్ధం నుంచి కోలుకుంటున్న ఉత్తర శ్రీలంకలోని జాఫ్నా తమిళ జాలర్లే. (ఈ సంగతి ఇక్కడి టీవీ చర్చల్లో పెద్దగా వినపడదు.) 2016లో రెండు దేశాలూ ఉమ్మడి కార్యవర్గం వేసుకున్నాయి. 2017లో శ్రీలంక ట్రాలింగ్‌ను నిషేధించింది. అదే ఏడాది మన కేంద్రం ట్రాలర్లు వదిలి లోతు సముద్రానికి వెళ్లేవాళ్లకు సబ్సిడీ పథకం తెచ్చింది. నన్నడిగితే ముందు జాలర్లతో జాలర్లను మాట్లాడించాలి, 1974 ఒప్పందంలో శ్రీలంకకు వెళ్లిన చిన్న దీవి కచ్చతీవు ఎవరిదన్న వాదన కొన్నాళ్లు పక్కన పెట్టాలి.