డ్యూటీకి పంప్ యాక్షన్ షాట్‌గన్: రెమింగ్టన్ 870 మంచిదా, మాస్‌బర్గ్ 590ఏ1 మంచిదా?

అమెరికాలో ఆర్మ్‌డ్ సెక్యూరిటీ ఉద్యోగంలో చేరుతున్నానని, తుపాకీ సొంత డబ్బుతోనే కొనుక్కోవాలని, దగ్గర్లో తుపాకులు బాగుచేసే మంచి గన్‌స్మిత్ కూడా లేడని రాశారు. ఆ పరిస్థితిలో కొత్తది కొనేట్టయితే మాస్‌బర్గ్ 590ఏ1 తీసుకోండి. మీ ఏజెన్సీకి తుపాకుల మరమ్మతు చూసుకునే సొంత ఆర్మరర్ ఉండి ఉంటే 870 పోలీస్ మోడల్‌కైనా సరే అనేవాణ్ణి. రెండూ బారెల్ కింది ముందుపిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే తూటా మారే పంప్ యాక్షన్ షాట్‌గన్లే, మన్నికలో రెండూ గట్టివే.

బ్రాండు కన్నా ముందు రకం చూడండి. 870 1950 నుంచి వస్తోంది. అందులో ఎక్స్‌ప్రెస్ అనేది వేటగాళ్ల కోసం చవగ్గా చేసిన రకం. దూరం నుంచి పోలీస్ మోడల్‌లాగే ఉంటుంది. కానీ దాని ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసుని పట్టి లాగే కొక్కెం) లోహపు పొడిని అచ్చుపోసి చేసింది, పోలీస్ మోడల్‌ది ఉక్కు ముక్కను కోసి చేసింది. ఎక్స్‌ప్రెస్‌లో తూటా కూర్చునే ఛాంబర్ లోపలి గరుకుదనం వల్ల చవక తూటాల ఖాళీ కేసులు వేడెక్కి అతుక్కుపోతాయి, ముందుపిడి వెనక్కి రాదు. పైగా చాలా ఎక్స్‌ప్రెస్‌లలో మ్యాగజీన్ ట్యూబుకి (బారెల్ కింద తూటాలు నిలవ ఉండే గొట్టానికి) లోపలికి నొక్కిన గుంటలు ఉంటాయి. వాటిని సరిచేయకుండా ట్యూబుని పొడిగించే ఎక్స్‌టెన్షన్ బిగించలేరు. మాస్‌బర్గ్‌లోనూ ఇంతే: 500 వేరు, 590 వేరు, 590ఏ1 వేరు. 590ఏ1కి మందమైన బారెల్, లోహపు ట్రిగ్గర్ గార్డు, లోహపు సేఫ్టీ బటన్ వస్తాయి. మామూలు 500లో ఆ గార్డూ బటనూ రెండూ ప్లాస్టిక్కే.

మాస్‌బర్గ్ రిసీవర్ (కదిలే భాగాలుండే మధ్య పెట్టె) అల్యూమినియం కదా, ఆగుతుందా అని మీకున్న అనుమానం చాలామందికి ఉంటుంది. తూటా పేలినప్పుడు ఛాంబర్‌ని వెనక నుంచి మూసే బోల్టు లాక్ అయ్యేది రిసీవర్‌లోకి కాదు, బారెల్ వెనక భాగంలోకి. పేలుడు ఒత్తిడి ఉక్కు మీదే పడుతుంది. అల్యూమినియానికి తుప్పు బెడద కూడా తక్కువ.

నేను 590ఏ1 వైపు మొగ్గడానికి అసలు కారణం మరమ్మతు. దాని ఎజెక్టర్ (ఖాళీ కేసుని బయటికి విసిరే ముక్క) ఒకే స్క్రూతో నిలుస్తుంది, ఇంట్లోనే మార్చుకోవచ్చు. 870లో ఎజెక్టర్‌ని రివెట్‌తో బిగిస్తారు, తూటాలను ఆపే షెల్ లాచ్‌లను రిసీవర్‌లోకి నొక్కి కూర్చోబెడతారు. లాచ్ వదులైతే తూటా ట్యూబు నుంచి వెనక్కి జారి మొత్తం ఇరుక్కుంటుంది. అది గన్‌స్మిత్ చేయాల్సిన పని. 590ఏ1కి ఎక్స్‌ట్రాక్టర్లు రెండు. తూటాని పైకెత్తే క్యారియర్ పైకే లేచి ఉంటుంది కనుక తూటాలు నింపేటప్పుడు బొటనవేలికి అడ్డురాదు. సేఫ్టీ రిసీవర్ పైన ఉండటంతో ఎడమచేతివాళ్లకూ ఇబ్బంది లేదు. ఒక్క మాట: దానికి పిస్తోలు పిడి ఉన్న పిస్టల్ గ్రిప్ బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) పెట్టొద్దు. పెడితే పట్టు వదలకుండా సేఫ్టీని అందుకోలేరు. ముందుపిడి కొంచెం గలగలలాడటం సహజం, భయపడకండి.

పోలీసులు వాడి అమ్మేసిన 870 తక్కువకి దొరికితే వదులుకోనక్కర్లేదు. పైన గీతలున్నా ఫరవాలేదు, ఛాంబర్‌లో తుప్పు ఉందేమో టార్చి వేసి చూడండి. మ్యాగజీన్ స్ప్రింగ్ బయటికి తీస్తే ట్యూబు కన్నా దాదాపు అడుగు పొడవుండాలి. తక్కువుంటే మార్చేయండి, ఖర్చు స్వల్పమే. తర్వాత పేలని డమ్మీ తూటాలు నింపి, ఒక్కోసారి ఒక్కటే బయటికి వస్తోందో లేదో చూడండి.

జామ్‌లలో ఎక్కువ భాగం తుపాకీ తప్పు కాదు, షార్ట్ స్ట్రోక్. ముందుపిడిని చివరిదాకా వెనక్కి లాగకుండానే ముందుకు తోస్తే కేసు బయటపడదు, కొత్త తూటా పైకి రాదు. బట్ పొడవైనా ఇదే జరుగుతుంది, ముఖ్యంగా బాడీ ఆర్మర్ మీద. మామూలు బట్ దాదాపు 14 అంగుళాలు, చాలామందికి 12.5 నుంచి 13 చాలు. ముందు బట్ సరిచేసుకోండి, లైటూ, భుజానికి తగిలించే స్లింగూ తర్వాత.

మన బ్యాంకు గార్డుల డబుల్ బ్యారెల్‌ని మడిస్తే లోపల తూటా ఉందో లేదో కళ్లకు కనిపిస్తుంది. పంప్ యాక్షన్ అలా కాదు: ఛాంబర్ ఖాళీగా ఉన్నా ట్యూబు నిండుగా ఉండొచ్చు. కళ్లతో చూసి, వేలు పెట్టి ఛాంబరూ ట్యూబు నోరూ రెండూ తడమాలి. ఈ రెండు తుపాకుల్లోనూ సేఫ్టీ ట్రిగ్గర్‌నే ఆపుతుంది, తూటాని కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్‌ని ఆపదు. అందుకే బండిలో ఛాంబర్ ఖాళీగా, హ్యామర్ దించి, ట్యూబులో మాత్రమే తూటాలు ఉంచుతారు. సేఫ్టీ ఎలా ఉండాలన్నది మీ ఏజెన్సీ నిబంధన ప్రకారం.

డ్యూటీ తూటాలు 2¾ అంగుళాల డబుల్ ఆట్ బక్‌షాట్ (పెద్ద గుళ్లున్నవి) చాలు, 3 అంగుళాలవి భుజానికి తగిలే దెబ్బ పెంచి రెండో షాట్‌ని ఆలస్యం చేస్తాయి. ఒకే బ్రాండు ఎంచుకుని 5, 10, 15, 25 గజాల్లో కాగితం మీద కాల్చి గుళ్లు ఎంత విచ్చుకుంటున్నాయో కొలవండి. ఒక్క గుండైనా టార్గెట్ బొమ్మ దాటిపోయే దూరమే ఆ తూటాకి మీ హద్దు. ఒకే తూటాని రోజూ ఛాంబర్‌లోకి ఎక్కించి తీస్తుంటే అంచు చెడుతుంది. నెలల తరబడి ట్యూబులో ఒత్తిడికి ప్లాస్టిక్ కేసు ఉబ్బి ఛాంబర్‌లో పట్టదు. ఉబ్బినవాటిని, అంచు గీసుకుపోయినవాటిని ప్రాక్టీసులో కాల్చేసి కొత్తవి నింపుకోండి.