గురికీ జింక వేటకీ ఒకే విల్లు చాలు, లింబ్స్ మాత్రం రెండు జతలు

మీ ప్రశ్న: డెన్వర్ దగ్గర ఉంటారు, వారాంతాల్లో గురి సాధన చేయాలి, కొన్నాళ్లకి సెప్టెంబర్ సీజన్‌లో మ్యూల్ డీర్ వేటకీ వెళ్లాలి. లాంగ్‌బోనా (పొడవాటి, ఒకే వంపు విల్లు), రీకర్వా (కొసలు ముందుకి వంగిన విల్లు)? షాపులో చెప్పినట్టు 50 పౌండ్లది కొనేయొచ్చా?

నేనూ కొలరాడోలోనే సంప్రదాయ విల్లుతో ఈ రెండు పనులూ చేస్తుంటాను. 50 పౌండ్లది ఇప్పుడొద్దండి. 62 అంగుళాల టేక్‌డౌన్ రీకర్వ్ తీసుకోండి. మధ్యలో చేత్తో పట్టుకునే రైజర్ అదే ఉంటుంది, దానికి పైనా కిందా ఉండే వంగే భాగాల్ని, అంటే లింబ్స్‌ని, విప్పి వేరేవి బిగించుకోవచ్చు. సమిక్ సేజ్ లాంటివి 25 నుంచి 60 పౌండ్ల దాకా దొరుకుతాయి. నేర్చుకోడానికి 30, వేట రోజులు దగ్గరపడ్డాక 45.

లింబ్ మీద వేసే అంకె నారిని 28 అంగుళాలు లాగినప్పుడు వచ్చే బరువు. మనలో చాలామందికి చేతులు అంత పొడవుండవు. చేతులు రెండూ బార్లా చాచి, ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా ఎవరిచేతైనా కొలిపించుకుని 2.5తో భాగించండి, మీరు ఎంత లాగుతారో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. నాకు 66 అంగుళాలు, అంటే లాగేది 26 చిల్లర. అంగుళం తగ్గితే రెండు, రెండున్నర పౌండ్లు తగ్గుతాయి కాబట్టి 40 అని రాసిన లింబ్ నా చేతిలో 36 దగ్గరే ఆగిపోతుంది. కొలరాడోలో జింక వేటకి కనీసం 35 పౌండ్ల విల్లు ఉండాలి, వాషింగ్టన్ రాష్ట్రంలో అయితే 40. అంచు మీద నిలబడటం ఎందుకని నేను 45 జత పెట్టుకున్నాను, నా లాగుడుకి అది 41 అవుతుంది. దగ్గర నుంచి కొడితే జింకకి అది సరిపోతుంది.

మొదటిరోజే బరువైన విల్లు పట్టినవాళ్లని రేంజ్‌లో చూస్తూనే ఉంటాను. నారి దవడకి ఆనకముందే వదిలేస్తారు, విల్లు పట్టిన భుజం చెవి దాకా లేస్తుంది. ఆ అలవాటు ఒంటికి పట్టాక వదిలించుకోవడం మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవడం కన్నా కష్టం. టీవీలో మన ఆర్చర్ జ్యోతి సురేఖ గారు బాణం పట్టుకుని అంతసేపు నిలకడగా ఉంటారు కదా, అది కప్పీలుండే కాంపౌండ్ విల్లు. చివరిదాకా లాగాక కప్పీలు బరువులో ఎక్కువ భాగం మోస్తాయి. మన విల్లులో చివరి అంగుళమే అన్నిటికన్నా బరువు.

లాంగ్‌బో చెడ్డదేం కాదు. తేలిక, చప్పుడు తక్కువ, చేతిలో ఉంటే ముచ్చటగా ఉంటుంది. కానీ 66, 68 అంగుళాల విల్లుతో పొదల్లో మోకాళ్ల మీద కూర్చుని కొట్టడం ఇబ్బంది, పైగా మామూలుగా దొరికే ఒకే ముక్క లాంగ్‌బోకి లింబ్స్ మార్చలేరు. ఇది రెండో విల్లుగా కొనండి.

డబ్బు, తీరిక పెట్టాల్సింది బాణాల మీద. లింబ్స్ మారిస్తే బాణాలూ మారాలి, ఈ సంగతి షాపువాళ్లు సాధారణంగా చెప్పరు. బాణం ఎంత వంగుతుందో చెప్పే అంకెని స్పైన్ అంటారు. 30 పౌండ్లకి 700 స్పైన్ దగ్గర, 45కి 500 దగ్గర మొదలుపెట్టండి. అంకె తగ్గేకొద్దీ బాణం గట్టిది. ఈకలు తీసేసిన బాణం ఒకటి, ఈకలున్నవి రెండు కలిపి కొట్టి చూడండి. కుడిచేతి వాటం అయితే, ఈకల్లేనిది ఎడమకి పోతే బాణం మరీ గట్టిది, కుడికి పోతే మరీ మెత్తది. రైజర్ షెల్ఫ్ (బాణం ఆనే గట్టు) మీద నుంచే కొట్టేట్టయితే ప్లాస్టిక్ రెక్కలు పనికిరావు, పక్షి ఈకలే కావాలి. వేట బాణం బరువు మీరు లాగే ప్రతి పౌండుకి 9, 10 గ్రెయిన్లు (బాణాల బరువు కొలిచే చిన్న కొలత) ఉండాలి, అంటే దాదాపు 400 గ్రెయిన్లు. మొనకి రెండంచుల ఫిక్స్‌డ్ బ్రాడ్‌హెడ్ (కదలని బ్లేడ్ల వేట మొన), గడ్డం గీసుకునేంత పదును. తగిలాక విచ్చుకునే రకాలు ఈ విల్లుకి వద్దు, అవి తెరుచుకోడానికే కొంత శక్తి పోతుంది.

ఎంత దూరం నుంచి కొట్టొచ్చో ముందే లెక్క వేసుకోకండి. ఒళ్లు వేడెక్కకముందు, పొద్దున్నే కొట్టే మొదటి బాణం పేపర్ ప్లేటులో పడాలి. ఏ దూరం నుంచి రోజూ అలా పడుతుందో అదే మీ వేట దూరం. నాది 18 గజాలు. పక్కవాళ్లు 40 గజాల కబుర్లు చెప్తారు, విని ఊరుకోండి.

1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి ఇక్కడ హంటర్ ఎడ్యుకేషన్ కార్డు తప్పనిసరి. జింక లైసెన్స్ లాటరీకి ఏప్రిల్ మొదట్లోనే దరఖాస్తు గడువు ముగుస్తుంది. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు తుపాకీ విషయంలో పడే తలనొప్పి ఇందులో లేదు, ఫెడరల్ చట్టం విల్లుని తుపాకీగా చూడదు. ఇండియా నుంచి ఇది చదివేవాళ్లకి: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ వేట నేరం, కాబట్టి గురి వరకే.

పాత విల్లు చవగ్గా దొరికితే నారి వైపు నుంచి చూసి లింబ్స్ మెలిక తిరగలేదని, అంచుల్లో పగుళ్లు లేవని చూసుకున్నాకే డబ్బివ్వండి. పాతవాటికి కాస్త సాగే డాక్రాన్ నారే వాడండి, దాదాపు సాగని ఫాస్ట్ ఫ్లైట్ నారికి వాటి కొసలు చీలిపోవచ్చు. నారి ఎక్కించడానికి వాడే తాడు, స్ట్రింగర్ కూడా అప్పుడే కొనండి. కాలికి మెలేసి నారి ఎక్కిస్తే మంచి లింబ్ కూడా మెలిక పడుతుంది.