ఆల్ప్స్ కొండల డైసీ హైదరాబాద్‌లో పూస్తుందా?

ఆల్పైన్ ఆస్టర్ అనే ఈ డైసీ గింజలు ఆన్‌లైన్‌లో కొన్నానని, హైదరాబాద్‌లో మిద్దె మీద వేస్తే పూస్తాయా అని అడిగారు. నేను రెండేళ్లు వేశాను. చలికాలంలో మొక్క బాగానే పెరుగుతుంది కానీ వేసవి దాటదు. నా దగ్గర ఒక్క పువ్వూ పూయలేదు.

ఆల్ప్స్‌లో ఇది సున్నపురాళ్ల సందుల్లో పెరుగుతుంది. జానెడు ఎత్తు, ఊదా రేకులు, మధ్యలో పసుపు బొట్టు. శీతాకాలమంతా మంచు కింద ఉండి, తర్వాత పూస్తుంది. గింజ వేసిన ఏడాదే పూయడం అక్కడా తక్కువే. మనకేమో ఆ రెండో ఏటికి చేరేలోపే మే నెల అడ్డం వస్తుంది.

మొదటిసారి దసరా వెళ్లగానే చల్లాను. మూడు వారాల్లో పదకొండు మొలకలొచ్చాయి, మార్చి దాకా కళకళలాడాయి. తర్వాత ఎండకు భయపడి షేడ్ నెట్ కట్టి, రెండు పూటలా నీళ్లు పోశాను. తప్పంతా అక్కడే జరిగింది. రోహిణి కార్తెలో రాత్రిపూట కూడా 27 డిగ్రీలుంటే, పగలు ఆకులు కూడబెట్టిన బలాన్ని మొక్క రాత్రికి ఖర్చు చేసేస్తుంది. అలా నీరసించిన మొక్కకు మొదలు దగ్గర తడి నిలిస్తే కుళ్లిపోతుంది. ఆకు పట్టుకోగానే మొక్క మొత్తం చేతిలోకి ఊడొచ్చింది. చాలా బాధేసింది.

రెండో ఏడు మట్టికుండీలో ఎర్రమట్టి, ముతక ఇసుక, సన్న కంకర సమానంగా కలిపాను. ఇంటి ఫ్లోరింగ్‌లో మిగిలిన తాండూరు బండను చితక్కొట్టి మొక్క చుట్టూ పరిచాను. అదీ సున్నపురాయే, మొదలు దగ్గర తడి నిలవనివ్వదు. ఉత్తరం వైపు బాల్కనీలో, మట్టి పైన ఎండాకే నీళ్లు. ఈసారి మూడు మొక్కలు మృగశిర దాకా వచ్చాయి. వానలు మొదలయ్యాక ఆ ఉక్కకు అవీ పోయాయి.

అందుకే ఈ దసరాకు సగం గింజలే వేయండి. మిగతావి తడి తగలకుండా డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పక్క కుండీలో మాత్రం స్వాన్ రివర్ డైసీ తప్పకుండా చల్లండి. ఆస్ట్రేలియా మొక్క, ఒక్క సీజన్‌దే, చూడ్డానికి దాదాపు ఇలాగే ఉంటుంది. అక్టోబర్‌లో వేస్తే సంక్రాంతి తర్వాత మా మిద్దె మీద కుండీ కనబడనంతగా పూసింది. గింజల మీద మట్టి కప్పొద్దు, సన్న ఇసుక పలచగా చల్లితే చాలు.