రంగు తర్వాత, ముందు నీళ్ళ సంగతి చూడు

చి. అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

పాత మహీంద్రా ఎంఎం540 జీపు కొన్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం వేసింది. రాజోలులో పెయింటింగ్‌కి అడ్వాన్స్ ఇవ్వబోతున్నావని కూడా చెప్పింది. అదొక్కటి ఆపు. డబ్బులు నీ దగ్గరే ఉంచుకుని ముందు ఈ ఉత్తరం చదువు.

మెట్ట ఊళ్ళలో జీపు దుమ్ముకీ రాళ్ళకీ పాడవుతుంది. మన కోనసీమలో నీళ్ళకి పాడవుతుంది. అంతర్వేది వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి, రొయ్యల చెరువుల గట్ల మీద చిమ్మే నీళ్ళు, కాలువ గట్ల బురద, వరదలప్పుడు లంకల దారులు. అందుకని నీ బండిలో ఏ జబ్బు కనిపించినా, ఇందులోకి నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయా అని ముందు వెతుకు. సామాను కొనడం ఆ తర్వాత.

మొదట ఛాసిస్, అంటే బాడీ కింద ఉండే ఇనుప చట్రం. బండిని జాకీ మీద వదిలేసి కిందకి దూరొద్దు, నాలుగు వైపులా గట్టి స్టాండ్లు పెట్టు. చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ వెళ్ళు. మంచి ఇనుము ఖంగుమంటుంది, పుచ్చినచోట మొద్దుగా పలుకుతుంది. కమాన్ కట్టలు బిగించే బ్రాకెట్లు, వెనకాల అడ్డ బీము, బాడీ కూర్చునే మౌంటింగులు ముఖ్యంగా చూడు. ఛాసిస్ లోపల బోలుగా ఉంటుంది కదా, ఏళ్ళ తరబడి చేరిన బురద అందులో తడిగానే ఉండిపోయి లోపలి నుంచి తింటుంది. బయట నల్ల రంగు నిగనిగలాడుతున్నా నమ్మకు. అడుగున ఉన్న రంధ్రాలు పుల్లతో పొడిచి తెరిచి, లోపలికి పైపు పెట్టి శుభ్రంగా కడుగు. మీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే కడగనట్టే. మంచినీళ్ళే వాడు. బాగా ఆరాక తుప్పు గీకించి, చిల్లులున్నచోట కొత్త ప్లేటు వెల్డింగ్ చేయించి, ప్రైమర్ కొట్టించు. పుట్టీ పెట్టి మూసేస్తానంటే ఒప్పుకోకు. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీగలు రెండూ విప్పించడం మర్చిపోకు, లేకపోతే ఆల్టర్నేటర్ పోతుంది. కొందరు కాలిన ఇంజన్ ఆయిల్ కింద పూయమంటారు. దానికి రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి, కారినదంతా చేలోకీ కాలువలోకీ పోతుంది. ఆ పని చెయ్యకు.

తర్వాత ఆయిళ్ళు. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, గేర్‌బాక్స్, దాని పక్కన ముందు వెనక చక్రాలకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, ఈ నాలుగింటి ఆయిలూ వేరువేరు డబ్బాల్లోకి దింపి వెలుతురులో చూడు. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్ళు కలిసినట్టే. నీళ్ళు వచ్చే దారి చాలామందికి తెలీదు. రోడ్డు మీద పరుగెత్తాక యాక్సిల్ వేడిగా ఉంటుంది. అలాగే కాలువలోకి దింపితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుంటుంది. యాక్సిల్ పైన గాలి తీసుకునే చిన్న బ్రీదర్ ఉంటుంది. అది బురదతో మూసుకుపోతే లోపలి వెలితికి సీలు అంచుల నుంచి నీళ్ళు లోపలికి పీల్చుకుంటుంది. కాబట్టి సీళ్ళు మార్చి ఊరుకోకు, బ్రీదర్ కూడా శుభ్రం చేయించు. వీలైతే దానికి రబ్బరు పైపు తగిలించి బానెట్ లోపల ఎత్తుగా కట్టించు. కొన్ని రూపాయల పని, యాక్సిల్ లోపలి పెద్ద పళ్ళచక్రం క్రౌన్ వీల్‌నీ బేరింగులనీ కాపాడుతుంది. ఇంకో మాట. గేర్‌బాక్స్‌లో ఆయిల్ తగ్గుతూ ట్రాన్స్‌ఫర్ కేస్‌లో పెరుగుతుంటే బయట ఎక్కడా కారదు, ఆ రెండిటి మధ్య సీలు పోయిందన్నమాట. గేర్‌బాక్స్‌కి జీఎల్-4 రకం 90 ఆయిల్ అడుగు. జీఎల్-5 లోపలి ఇత్తడి రింగులకి మంచిది కాదు.

బ్రేకుల దగ్గర పిసినారితనం చూపించకు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని తనంతట తనే పీల్చుకుంటుంది, మన తేమలో ఇంకా ఎక్కువ. దాంతో వీల్ సిలిండర్లు లోపల తుప్పుపట్టి గుంటలు పడతాయి. పెడల్ మెత్తగా స్పాంజిలా ఉంటే గాలి చేరింది. తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్ పోయింది. బండి ఒక పక్కకి లాగితే అటో ఇటో ఒక సిలిండర్ పట్టేసి ఉంటుంది, లేదా బ్రేక్ షూ మీద ఆయిల్ పడి ఉంటుంది. బ్రేక్ వదిలాక కూడా ఒక చక్రం కాలిపోతుంటే రబ్బరు గొట్టం లోపల ఉబ్బి ఆయిల్‌ని వెనక్కి రానివ్వడం లేదేమో చూడు, మెకానిక్కులు దీన్ని తరచు వదిలేస్తారు. చాలా పాత జీపుల్లో నాలుగు చక్రాలకీ ఒకటే లైను. తుప్పుపట్టిన పైపు ఎక్కడ పగిలినా మొత్తం బ్రేకులు పోతాయి. అందుకే ఇనుప పైపులన్నీ కొత్తవి వేయించు. రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చు. నీళ్ళలోంచి బయటికి వచ్చాక కొంత దూరం నెమ్మదిగా నడుపుతూ పెడల్ తేలిగ్గా తొక్కుతూ డ్రమ్ములు ఆరబెట్టు.

స్టీరింగ్ వణికితే ఒకరిని సీట్లో కూర్చోబెట్టి అటూ ఇటూ తిప్పమని, నువ్వు కింద నుంచి చూడు. టైర్లు, వీల్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు, ముందు చక్రాలు మలిగే కింగ్ పిన్లు, కమాన్ కట్టల చివర షాకిల్ బుష్‌లు ఈ వరసలో చూసుకుంటూ వెళితే ఎక్కడ వదులుందో దొరుకుతుంది.

ఆ ప్యూజో డిజైన్ 2112 సీసీ డీజిల్ ఇంజన్ గట్టిది, తొందరపడి విప్పించకు. పొద్దున్నే స్టార్ట్ అవకపోతే హీటర్ ప్లగ్గులు ఒక్కొక్కటీ చూపించు. కాసేపు నడిచి ఆగిపోతుంటే డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్ళు దింపు, పాత రబ్బరు పైపులు గాలి పీలుస్తున్నాయేమో చూడు. నల్ల పొగకి ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత ఇంజెక్టర్లు. నీలం పొగ వస్తేనే ఇంజన్ ఆయిల్ కాలుతోందని అనుకో. వేడెక్కుతోందని థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ళ దారి తెరిచి మూసేది) పీకేసే అలవాటు మన షెడ్లలో ఉంది, అది సరికాదు. రేడియేటర్ లోపల గడ్డకట్టిన పొర తీయించి, కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయించు. లైట్లు డల్‌గా ఉంటే బల్బులు మార్చకముందు ఎర్త్ తీగలు విప్పి తుప్పు గీకు. గడ్డివాము పక్కన మాత్రం పెట్టకు, ఎలుకలు వైరింగ్ కొరికేస్తాయి.

ఇక ఫోర్ వీల్, అంటే ఇంజన్ బలం నాలుగు చక్రాలకీ వెళ్ళేలా వెయ్యడం. దీని గురించే నువ్వు జీపు కొన్నావు, తెలుసు. తారు రోడ్డు మీద, సిమెంటు రోడ్డు మీద ఫోర్ వీల్ వెయ్యకు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరుగుతాయి, వెనకవి తక్కువ. ఆ తేడా తీరే దారి లేక షాఫ్టులు మెలిపడి లివర్ ఇరుక్కుపోతుంది. అలా ఇరుక్కుంటే బలం పెట్టి లాగకు, కొంచెం వెనక్కి నడిపితే వదులుతుంది. నీ జీపుకి ముందు చక్రాలని యాక్సిల్‌తో కలిపే హబ్ లాకులుంటే రెండు పక్కలా లాక్ చెయ్యాలి. ఒక పక్కే చేస్తే ముందు యాక్సిల్ బలమంతా వదులుగా ఉన్న వైపే తిరిగిపోతుంది, చక్రం లాగదు. వాడకపోతే లివర్లు పట్టేస్తాయి, అప్పుడప్పుడు తడి చేలో వేసి కాస్త నడుపు. బురదలో దిగాక కాదు, దిగకముందే ఫోర్ వీల్ వెయ్యి.

వరద నీళ్ళ విషయంలో నా మాట తప్పకుండా విను. కనకాయలంక కాజ్‌వే మీద గోదావరి పారుతుంటే నీ జీపు ఎంత ఎత్తున్నా దిగొద్దు. నీళ్ళ వేగం బండిని పక్కకి నెట్టేస్తుంది. నిలిచిన నీళ్ళలో ఇంజన్ ఆగిపోయిందా, మళ్ళీ సెల్ఫ్ కొట్టకు. సిలిండర్లోకి నీళ్ళు వెళ్ళి ఉంటే అవి గాలిలా నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బయటికి లాగించి, ఇంజెక్టర్లు విప్పి, నీళ్ళు పోయాయని చూసుకున్నాకే తిప్పించు.

కాగితాల్లో ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్ బండి మీద ఉన్నవాటితో సరిపోల్చు. పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫారం 25తో చేయించాలి, అయిదేళ్ళకి ఇస్తారు. ఇంజన్ ఎవరైనా మార్చి ఆర్‌సీలో ఎక్కించకపోతే అది ముందు తేల్చుకో.

సామానుకి విజయవాడ ఆటోనగర్ వెళ్ళు, పాతది చేతిలో పట్టుకెళ్ళు. బేరింగ్ మీద నంబర్ చెక్కి ఉంటుంది, దాన్ని బట్టే కొను.

ఈ ఆదివారం సుత్తి పట్టుకుని ఛాసిస్ చూడు. మొద్దుగా పలికినచోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టి ఫొటోలు పంపు. వెల్డింగ్ ఎవరికివ్వాలో అవి చూశాక చెప్తాను.

మీ పెదనాన్న